550–0: మిషిగన్ జట్టు 1901 సీజన్‌పై పాఠకుల ప్రశ్నలు

గత సంచిక క్రీడాపుటలో ఒక మూలన, "1901లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు పదకొండు ఆటలాడి 550 పాయింట్లు సాధించింది, ఎదుటి జట్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు" అని రెండు వరుసల విశేషం ప్రచురించాము. దానిపై నగరం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వారి ప్రశ్నలను కలిపి, ఇక్కడ జవాబులిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. మీరు వేసిన అంకె చూసి అచ్చుతప్పు అనుకున్నాను. వాడికి ఫోన్ చేసి అడిగితే, "నిజమే నాన్నా, ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే" అన్నాడు. మా చిన్నతనంలో ఫతే మైదానంలో ఫుట్‌బాల్ చూశాము. నాలుగు గోల్స్ పడితే ఊరంతా చెప్పుకొనేవారు. ఐదువందల యాభై ఎలా సాధ్యం?
(ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: అచ్చుతప్పు కాదండి, అంకె సరైనదే. మీరు ఫతే మైదానంలో చూసినది, రహీం సాబ్ శిక్షణలో మన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన ఆట. మిషిగన్ విద్యార్థులు ఆడినది అది కాదు. రగ్బీ నుంచి పుట్టి, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అందులో ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే టచ్‌డౌన్. 1901 నిబంధనల ప్రకారం దానికి 5 పాయింట్లు, ఆ తరువాత బంతిని గోలు స్తంభాల మధ్య నుంచి తన్నగలిగితే ఇంకొకటి. ఆట నడుస్తుండగా తన్ని కొట్టే ఫీల్డ్ గోల్‌కు కూడా 5 పాయింట్లే. ఒక జట్టు తన సొంత గీత వెనుక బంతితో చిక్కిపోతే ఎదుటి జట్టుకు 2.

అంటే ఒక్కసారికి దక్కేది ఎక్కువలో ఎక్కువ 6 పాయింట్లు. ఆ లెక్కన 550 చేరడానికి మిషిగన్ జట్టు ఆ సీజన్‌లో కనీసం తొంభై రెండు సార్లు పాయింట్లు సంపాదించి ఉండాలి. అప్పటి మైదానం పొడవు 110 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు, క్రికెట్‌లో ఓవరుకు ఇన్ని బంతులని ఉన్నట్టు, మూడు ప్రయత్నాలు మాత్రమే ఇచ్చేవారు. ఆ మూడింటిలో 5 గజాలు ముందుకు జరగకపోతే బంతి వదులుకోవాలి. బంతిని ముందుకు విసరడం నిషిద్ధం. మనుషుల గోడను మనుషులతోనే తోసుకుంటూ, కాళ్ళ బలంతోనో, గోడ చివర నుంచి చుట్టి పరుగెత్తే వేగంతోనో ముందుకు సాగాలి.

ఆటలవారీగా అడిగిన వారి కోసం: సెప్టెంబరు 28న ఆల్బియన్ కళాశాలపై 50తో సీజన్ మొదలైంది. అక్టోబరులో కేస్‌పై 57, ఇండియానాపై 33, నార్త్‌వెస్టర్న్‌పై 29, బఫెలోపై 128 వచ్చాయి. నవంబరులో కార్లైల్‌పై 22, ఒహాయో స్టేట్‌పై 21, చికాగోపై 22, బెలాయిట్‌పై 89, నెలాఖరున కృతజ్ఞతా దినం నాడు అయోవాపై 50. చివరి ఆట 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో స్టాన్‌ఫర్డ్‌తో, అందులో 49. కూడి చూడండి, సరిగ్గా 550 వస్తుంది, ఆటకు సగటు 50.

ఆ జట్టుకూ, తరువాతి నాలుగేళ్ళ మిషిగన్ జట్లకూ కలిపి "నిమిషానికో పాయింటు" అనే బిరుదు వచ్చింది. అది కొంత అతిశయోక్తి. పూర్తి ఆట డెబ్బై నిమిషాలు కాబట్టి, బిరుదు అక్షరాలా నిజం కావాలంటే సగటు 70 ఉండాలి. అయితే ఇరు జట్లూ ఒప్పుకుని ఆటను కుదించుకోవడం ఆ రోజుల్లో మామూలు గనుక, బిరుదు పెట్టిన వారిని మరీ తప్పుపట్టనక్కరలేదు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు పాఠశాలలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. పిల్లకాయల జట్లను పిలిచి చితగ్గొట్టి రికార్డులు రాసుకునే వాళ్ళను మన జిల్లా పోటీల్లోనే చాలామందిని చూశాను. 128–0 అనే ఫలితంలో గొప్పేముంది? ఎదుటి జట్ల స్థాయి ఏమిటో చెప్పకుండా అంకెను పొగడడం సరైనదేనా?
(ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్)

జవాబు: మాస్టారూ, మీ అనుమానం న్యాయమైనది. వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ అసలు సంగతిని పట్టుకున్నది మీరే. 550లో 217 పాయింట్లు రెండే రెండు ఆటల్లో, బఫెలోపైనా బెలాయిట్‌పైనా వచ్చాయి. ఆల్బియన్, కేస్ ఆటలను కూడా కలిపితే మొత్తంలో సగం దాటిపోతుంది. ఆ అంకెలను పక్కన పెట్టి చూస్తేనే జట్టు విలువ తెలుస్తుందని మా అభిప్రాయం.

పేరున్న జట్ల సంగతి చూద్దాం. పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాల, ఆదివాసీ తెగల పిల్లలను వారి భాషకూ వేషానికీ దూరం చేసి "నాగరికులను" చేయాలని 1879లో పెట్టినది. ఆ పిల్లలు తమను తక్కువగా చూసిన వారి ఆటనే నేర్చుకుని పెద్ద పెద్ద కళాశాలలను ఓడించారు. కానీ 1901 వారికి మంచి ఏడాది కాదు. గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. కనుక డెట్రాయిట్‌లో వారిపై వచ్చిన 22–0ను మరీ ఎత్తుకోలేము. స్టాన్‌ఫర్డ్ కూడా ఆ సీజన్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చేతిలో ఓడిన జట్టే.

అన్నింటికంటే పెద్ద లోటు మరొకటి ఉంది. మిషిగన్ సభ్యత్వమున్న వెస్టర్న్ కాన్ఫరెన్స్ అనే విశ్వవిద్యాలయాల క్రీడా కూటమిలోనే విస్కాన్సిన్ జట్టు కూడా ఆ ఏడు ఒక్క ఆటా ఓడలేదు. ఆ రెండు జట్లూ 1901లో తలపడనే లేదు, కాన్ఫరెన్స్ విజేత పట్టాన్ని పంచుకున్నాయి. తూర్పు తీరంలో హార్వర్డ్ కూడా పన్నెండుకు పన్నెండు ఆటలూ గెలిచింది. మిషిగన్‌ను దేశంలోకెల్లా గొప్ప జట్టని తరువాత ఎందరు ప్రకటించినా, ఆ రెండు జట్లతో ఆడకుండా తేలే విషయం కాదది.

ఇక రెండో వైపు. ముందటి ఏడాది, 1900లో, ఇదే మిషిగన్ రెండు ఆటలు ఓడింది. అయోవా 28–5తోనూ, స్టాగ్ అనే ప్రసిద్ధ శిక్షకుడు నడిపిన చికాగో 15–6తోనూ దాన్ని ఓడించాయి. ఏడాది తిరగకుండా ఆ రెండు జట్లనే 50–0, 22–0తో ఓడించిందంటే, మార్పు ఎదుటివారి బలహీనత వల్ల మాత్రమే వచ్చిందనలేము. దానికి మించి, మేము విలువనిచ్చేది 550ని కాదు, దాని పక్కనున్న సున్నాను. అప్పుడు ఫీల్డ్ గోల్‌కు టచ్‌డౌన్‌తో సమానంగా పాయింట్లు ఇచ్చేవారని పైన చెప్పాము. అంటే ఎదుటి జట్టు గీత దాకా రానక్కరలేదు, తన్నడానికి వీలైన దూరానికి ఒక్కసారి వచ్చి ఒక మంచి దెబ్బ కొడితే చాలు, 5 పాయింట్లు పడతాయి. పదకొండు జట్లలో ఒక్కదానికీ ఆ ఒక్క దెబ్బ దక్కలేదు. దాడికీ రక్షణకూ విడి విడి బృందాలు కూడా లేని రోజులవి. పరుగెత్తి పాయింట్లు తెచ్చిన పదకొండు మందే బంతి పోగానే వెనక్కి తిరిగి అడ్డుపడాలి. బలహీనుల మీద ఎన్ని పాయింట్లైనా పోగుపడతాయి కానీ, సీజనంతా ఒక్క క్షణం కూడా ఏమరకపోవడం అలా పోగుపడేది కాదు. మీరు మైదానంలో పిల్లలను తయారుచేసినవారు, ఆ తేడా మీకు మాకంటే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ఒక్క ఏడాదిలో జట్టును ఇంతగా మార్చిన కోచ్ ఎవరు? ఆయన ఏం చేశాడు? జట్టులోని వాళ్ళందరూ నిజంగా విద్యార్థులేనా?
(డిగ్రీ విద్యార్థిని, నారాయణగూడ)

జవాబు: ఆయన పేరు ఫీల్డింగ్ యోస్ట్. వెస్ట్ వర్జీనియాలో 1871లో పుట్టాడు, న్యాయశాస్త్రం చదివాడు. ఒహాయో వెస్లియన్, నెబ్రాస్కా, కాన్సస్, స్టాన్‌ఫర్డ్, ఇలా 1897 నుంచి 1900 దాకా ఏటా ఒక కొత్త చోట శిక్షకుడిగా పనిచేశాడు. శిక్షకుడు పూర్వ విద్యార్థే అయి ఉండాలని స్టాన్‌ఫర్డ్ నియమం పెట్టుకోవడంతో అక్కడి ఉద్యోగం పోయి, 1901లో మిషిగన్‌కు వచ్చాడు. తనను వదులుకున్న ఆ స్టాన్‌ఫర్డ్‌తోనే సీజన్ చివరి ఆట ఆడవలసి రావడం కథల్లో తప్ప జరగదనిపిస్తుంది కానీ, జరిగింది.

ఆయన పద్ధతి ఒక్క మాటలో వేగం. "త్వరగా, త్వరగా" అని ఆటగాళ్ళను ఎప్పుడూ అదిలిస్తుండడం వల్ల ఆయన పేరుకు ముందు ఆ మాటే ముద్దుపేరుగా స్థిరపడింది. ఒక ప్రయత్నం ముగిసి ఆటగాళ్ళు నేల మీద నుంచి లేస్తుండగానే తరువాతి ఎత్తుకు సంకేతం వినిపించేది. ఎదుటివారు ఊపిరి తీసుకుని వరుస కట్టేలోపే మిషిగన్ మళ్ళీ కదిలేది. అప్పటి నిబంధనల ప్రకారం ఒకసారి బయటికి వెళ్ళిన ఆటగాడు మళ్ళీ లోపలికి రాకూడదు గనుక, అలసిన జట్టుకు తప్పించుకునే దారి ఉండేది కాదు. ఈ వేగాన్ని డెబ్బై నిమిషాలు మోయాలంటే తన జట్టుకు ఎంత దమ్ము కావాలో యోస్ట్‌కు తెలుసు, అందుకే సాధనలో కనికరం చూపేవాడు కాదు. పాసడీనాలో మొదట దిగిన పదకొండు మందే చివరిదాకా ఆడారు, ఒక్కరిని కూడా మార్చలేదు.

జట్టు నాయకుడు హ్యూ వైట్. ఎక్కువ పేరు తెచ్చుకున్నది మాత్రం విల్లీ హెస్టన్, నీల్ స్నో. హెస్టన్ 1901 నుంచి 1904 వరకు ఆడిన నాలుగేళ్ళలో మిషిగన్ ఒక్క ఆటా ఓడలేదు.

వాళ్ళందరూ విద్యార్థులేనా అన్న మీ ప్రశ్నకు పూర్తిగా అవుననీ కాదనీ చెప్పలేని జవాబే ఉంది. కళాశాల రికార్డుల్లో విద్యార్థులే. హెస్టన్ కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తరఫున ఆడుతుండగా, ఆ జట్టుకు కొంత శిక్షణ ఇచ్చిన యోస్ట్ అతని సత్తా చూశాడు. తాను మిషిగన్‌కు మారాక అతన్ని కూడా అక్కడ న్యాయశాస్త్రం చదవడానికి రప్పించాడు. చదువు కోసం ఆటగాడు వచ్చాడా, ఆట కోసం విద్యార్థి వచ్చాడా అన్న ప్రశ్న అమెరికా కళాశాలల్లో అప్పుడే మొదలైంది. మన నగరంలో స్పోర్ట్స్ కోటా సీట్ల మీద జరిగే వాదనలు విన్నవారికి ఇది కొత్తగా తోచదు.

యోస్ట్‌ను పొగిడే పుస్తకాలు తరచు దాటవేసే సంగతి మరొకటి ఉంది. మిషిగన్ జట్టులో జార్జ్ జ్యూయెట్ అనే నల్లజాతి విద్యార్థి 1890లోనూ 1892లోనూ ఆడాడు. ఆ తరువాత 1932లో విల్లిస్ వార్డ్ వచ్చేవరకు మరో నల్లజాతి ఆటగాడు ఆ జట్టులో స్థానం సంపాదించలేదు. యోస్ట్ శిక్షకుడిగా ఉన్న కాలమంతా ఆ నలభై ఏళ్ళలోనే ఇమిడిపోయింది. 1901 జట్టు ఫొటో చూసేవారు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: పాసడీనా ఆట తరువాత ఇక ఫుట్‌బాలే వద్దని నిర్వాహకులు రథాల పందేలు పెట్టుకున్నారని ఎక్కడో విన్నాను. ఇది కల్పనా?
(ఒక పాఠకుడు, మెహదీపట్నం)

జవాబు: కల్పన కాదు. పాసడీనాలో 1890 నుంచి కొత్త సంవత్సరం నాడు గులాబీల ఉత్సవం జరుగుతోంది. చలికాలంలో కూడా పూలు పూసే తమ ఊరిని మంచులో వణికే తూర్పువారికి చూపించి రప్పించుకోవాలన్నది అక్కడి వారి ఉద్దేశం. ఉత్సవానికి ఆకర్షణగా 1902లో తూర్పు పడమరల మధ్య ఒక ఫుట్‌బాల్ ఆట ఏర్పాటు చేశారు. మంచు నేల నుంచి మిషిగన్ జట్టు రోజుల తరబడి రైల్లో ప్రయాణించి అక్కడికి చేరింది. సుమారు ఎనిమిది వేల మంది చూస్తుండగా ఆట మొదలైంది.

మొదటి సగంలో స్టాన్‌ఫర్డ్ గట్టిగానే నిలబడింది. విరామానికి మిషిగన్ 17 పాయింట్ల దగ్గరే ఉంది, ఆ సీజన్‌లో అది పెద్ద అంకె కాదు. రెండో సగంలో వేగం తన పని తాను చేసింది. నీల్ స్నో ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు చేశాడు. 49–0 అయ్యాక, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగా, స్టాన్‌ఫర్డ్ నాయకుడు రాల్ఫ్ ఫిషర్ మిషిగన్ నాయకుడి దగ్గరకు వెళ్ళి ఆట ఆపేద్దామని అడిగాడు. గాయపడినవారు పోగా దింపడానికి స్టాన్‌ఫర్డ్‌కు తగినంత మంది మిగలలేదు. వైట్ ఒప్పుకున్నాడు.

ఇంత ఏకపక్షంగా సాగే ఆట చూడడానికి మళ్ళీ జనం వస్తారా అని నిర్వాహకులకు సందేహం కలిగింది. మరుసటి ఏడు పోలో పెట్టారు, 1904 నుంచి 1915 దాకా రథాల పందేలు నడిపారు. ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది 1916లో. ఇప్పుడు రోజ్ బౌల్ అని పిలిచే పోటీకి మూలం 1902 నాటి ఆటే. ఆ పేరుకు ఆధారమైన స్టేడియం మాత్రం 1922లో తెరిచినది. మిషిగన్ మళ్ళీ అక్కడ ఆడింది 1948లో. ఈసారి ప్రత్యర్థి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఫలితం మళ్ళీ 49–0. దీన్ని రాస్తున్నప్పుడు మాకే అచ్చుతప్పు అని ఉత్తరాలు వస్తాయేమోనని అనుమానం కలిగింది కానీ, నిజంగా అదే అంకె.

ప్రశ్న: మనవడు అమెరికాలో ఈ ఆటలో చేరతానంటున్నాడు. పాత రోజుల్లో ఈ ఆటలో పిల్లలు చనిపోయేవారట. ఆ జట్టు ఆడిన రోజుల్లో కూడా అంత ప్రమాదం ఉండేదా?
(ఒక అమ్మమ్మ, నల్లకుంట)

జవాబు: ఉండేదమ్మా, ఇప్పటి కంటే చాలా ఎక్కువగా. ఆ సీజన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1901 అక్టోబరు 26న మిషిగన్ బఫెలోపై 128 పాయింట్లు పోగుచేస్తున్న రోజునే, వేరొక ఆటలో ఒహాయో స్టేట్ ఆటగాడు జాన్ సిగ్రిస్ట్‌కు తీవ్రమైన దెబ్బ తగిలింది. రెండు రోజులకు అతను మరణించాడు. ఆ సీజన్‌ను అక్కడితో ఆపేయాలా అని ఆ విశ్వవిద్యాలయంలో చర్చ జరిగింది. చివరకు కొనసాగించాలనే నిర్ణయించారు. మిషిగన్‌పై 21–0తో ఓడిన ఒహాయో జట్టు, తోటివాడిని పోగొట్టుకుని రెండు వారాలైనా తిరగని స్థితిలో మైదానంలోకి దిగిన జట్టు. పట్టికల్లో ఆ అంకె పక్కన ఈ సంగతి కనిపించదు.

కారణం నిబంధనల్లోనే ఉంది. మూడు ప్రయత్నాల్లో 5 గజాలే కావాలి గనుక, బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుంపుగా చేరి ఒకే చోట గుద్దుకుని కొంచెం కొంచెం జరగడమే లాభసాటి ఎత్తు. రక్షణ కవచాలు నామమాత్రం, తోలు టోపీ కూడా అందరూ పెట్టుకునేవారు కాదు. 1905 నాటికి మరణాలు పత్రికల్లో పతాక శీర్షికలకెక్కాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ఏడు అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను తన నివాసానికి పిలిపించి ఆటను చక్కదిద్దమని చెప్పాడు. 1906 నుంచి బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది, 5 గజాల బదులు 10 గజాలు జరగాలన్నారు, ఎదురెదురుగా నిలిచే రెండు జట్ల వరుసల మధ్య కొంత ఖాళీ ఉండాలన్నారు. గుంపుగా తోసుకునే ఆటకు ఆకర్షణ తగ్గింది. కళాశాలలు అప్పుడు కలిసి పెట్టుకున్న సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా పేరు మార్చుకుని నేటికీ నడుస్తోంది. స్టాన్‌ఫర్డ్ అయితే ఈ ఆటే వద్దని 1906లో రగ్బీకి మారి, చాలా ఏళ్ళ తరువాత గానీ తిరిగి రాలేదు.

యోస్ట్ జట్ల జైత్రయాత్ర కూడా పాత నిబంధనల చివరి సీజన్‌లోనే ముగిసింది. 1901 నుంచి 1905 దాకా ఓటమి ఎరుగకుండా 56 ఆటలు ఆడాక, చికాగో చేతిలో 2–0తో ఓడింది. మిషిగన్ ఆటగాడు తన సొంత గీత వెనుక బంతితో చిక్కిపోవడం వల్ల వచ్చిన రెండు పాయింట్లవి.

మీ మనవడి విషయానికొస్తే, ఇప్పుడు శిరస్త్రాణాలూ, వైద్యుల పర్యవేక్షణా, నిబంధనలూ చాలా మెరుగుపడ్డాయి. అయినా తలకు పదేపదే తగిలే దెబ్బల వల్ల పెద్దయ్యాక మెదడుకు హాని కలగవచ్చని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. చేర్చే ముందు వాళ్ళ అమ్మానాన్నలు పాఠశాల కోచ్‌తోనూ, ఒక డాక్టరుతోనూ మాట్లాడడం మంచిది.

ప్రశ్న: ఇప్పటి పాయింట్ల పద్ధతిలో లెక్కిస్తే ఆ ఫలితాలు ఎలా ఉంటాయి?
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: పాసడీనా ఆటనే తీసుకుందాం. మిషిగన్ ఎనిమిది టచ్‌డౌన్లు చేసింది, వాటి తరువాతి తన్నులు నాలుగు సఫలమయ్యాయి, ఒక ఫీల్డ్ గోల్ కొట్టింది: 40, 4, 5 కలిపి 49. టచ్‌డౌన్‌కు 1912 నుంచి 6 పాయింట్లిస్తున్నారు, ఫీల్డ్ గోల్ విలువను 1904లో 4కూ, 1909లో 3కూ తగ్గించారు. కనుక ఇప్పటి లెక్కలో 48, 4, 3 కలిపి 55 అవుతుంది. స్టాన్‌ఫర్డ్ అంకె మాత్రం ఏ లెక్కలోనూ మారదు.